కుడిచేతి వేళ్ళకు నాలుగు నెలలుగా తిమ్మిర్లు. కైరోప్రాక్టర్ 24 సిట్టింగులు అంటున్నారు, ఏం చేయమంటారు?

మేఘమాల | సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నా వయసు 43. రోజంతా కంప్యూటర్ మీదే పని. నాలుగు నెలలుగా కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేది. ఇప్పుడు రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తోంది. ఆ చెయ్యి నాది కానట్టే ఉంటుంది. లేచి కూర్చుని విదిలిస్తే కాసేపు చీమలు పాకినట్టు జివజివలాడి, మెల్లగా మామూలవుతుంది. పగలు జడ వేసుకునేటప్పుడు, ఫోన్ పట్టుకున్నప్పుడు కూడా వస్తోంది. అప్పుడప్పుడు మెడ కూడా పట్టేసినట్టు ఉంటుంది.

తెలిసినవాళ్ళు చెబితే ఒక కైరోప్రాక్టర్ (వెన్నుపూసలను చేత్తో నొక్కి, తిప్పి చికిత్స చేసేవారు) దగ్గరికి వెళ్ళాను. మెడ ఎక్స్‌రే తీయించారు. మెడ వంపు తగ్గిపోయిందనీ, ఎముకలు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతున్నాయనీ చెప్పారు. వారానికి మూడుసార్ల చొప్పున 8 వారాలు, మొత్తం 24 సిట్టింగులు కావాలట. డబ్బంతా ముందే కట్టేస్తే కొంత తగ్గిస్తామన్నారు. మెడ పట్టుకుని టక్కుమని తిప్పే వీడియోలు చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఎవరైనా చేయించుకున్నారా? తిమ్మిర్లు నిజంగా తగ్గుతాయా?

నడకరి | సోమవారం, రాత్రి 11:30

నాకు పనిచేసింది మేఘమాల గారూ. అయితే నాది నడుము, మీది చెయ్యి. రెండేళ్ళ క్రితం బరువు ఎత్తుతుంటే నడుం పట్టేసి, ఎడమ తుంటి నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా లాగేసేది. సయాటికా అన్నారు. కూర్చోలేను, పడుకోలేను. ఆరు సిట్టింగులు చేయించుకున్నాను. మూడోదానికే నొప్పి సగం తగ్గింది. మళ్ళీ మనిషిలా నడిచాను.

ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. నొప్పి పోయింది కానీ పాదం బయటి అంచు మొద్దుబారింది, అది పోలేదు. స్నానం చేసేటప్పుడు వేడి నీళ్ళు ఆ పక్కన పడితే తెలిసేది కాదు. అది తగ్గడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. ఎవరూ ఏమీ చేయకుండానే తగ్గింది.

ఫిజియో_రామం | మంగళవారం, ఉదయం 6:45

మేఘమాల గారూ, నేను ఫిజియోథెరపిస్టుని, 16 ఏళ్ళ అనుభవం. మీరు రాసినదాంట్లో చాలా సమాచారం ఉంది కానీ అసలైన ముక్క ఒకటి లేదు. ఏ వేళ్ళు? "చెయ్యంతా" అని చాలామంది అంటారు. నిదానంగా చూస్తే చెయ్యంతా ఉండదు. ఏ నరం దెబ్బతింటోందో వేళ్ళే చెబుతాయి.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం అయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోందేమో చూడాలి. కార్పల్ టన్నెల్ అంటారు. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో రెండో సగం అయితే మోచేతి లోపలివైపు అల్నార్ నరం. మోచెయ్యి బల్లకు తగిలినప్పుడు జివ్వుమనేది అదే. మెడలో ఆరో నరం నొక్కుకుంటే బొటనవేలితో పాటు ముంజేయి బయటివైపు కూడా పట్టుకుంటుంది. ఏడోదైతే మధ్య వేలు. ఎనిమిదోదైతే చిటికెన వేలు. మెడలో వెన్నుపూసలు ఏడే, నరాల జతలు మాత్రం ఎనిమిది. అందుకని "ఎనిమిదో నరం" అంటే కంగారు పడకండి.

మణికట్టుకూ మెడకూ తేడా ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవచ్చు. రాత్రి నిద్ర లేపి, చెయ్యి విదిలిస్తే తగ్గేది ఎక్కువగా మణికట్టుది. మెడదైతే తల ఆ వైపుకి వంచి వెనక్కి వాలిస్తే నొప్పి చేతిలోకి పాకుతుంది, చెయ్యెత్తి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

ఈరోజు ఒక పని చేయండి. చిన్న దూది ఉండ తీసుకుని, కళ్ళు మూసుకుని, ఉంగరపు వేలి మీద ముందు మధ్య వేలి వైపు, తర్వాత చిటికెన వేలి వైపు రాసి చూడండి. రెండు పక్కలా ఒకేలా తెలుస్తోందా?

మేఘమాల | మంగళవారం, మధ్యాహ్నం 1:10

రామం గారూ, చేశాను. ఇంకా ఆశ్చర్యంగానే ఉంది. ఉంగరపు వేలికి నిలువునా మధ్యలో గీత గీసినట్టుంది! మధ్య వేలి వైపు దూది తగులుతోందని లీలగా తెలుస్తోంది, చొక్కా మీద నుంచి రాసినట్టు. అదే వేలికి చిటికెన వేలి వైపు మాత్రం దూది పోగులు కూడా తెలుస్తున్నాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుగా ఉన్నాయి. చిటికెన వేలు శుభ్రంగా ఉంది. అరచేతిలో బొటనవేలి కింద కండ ఉంటుంది కదా, అక్కడ కూడా బాగానే తెలుస్తోంది. అదేమిటో అర్థం కాలేదు.

మెడ వంచి చూశాను. పట్టేసినట్టే ఉంది కానీ చేతిలోకి ఏమీ రాలేదు.

ఫిజియో_రామం | మంగళవారం, మధ్యాహ్నం 2:25

అరచేతి కండ దగ్గర స్పర్శ బాగుండటం కూడా ఒక ఆధారమే. ఆ చోటుకి వెళ్ళే చిన్న కొమ్మ మణికట్టుకి ముందే మీడియన్ నరం నుంచి విడిపోయి, కార్పల్ టన్నెల్ అనే సొరంగం (మణికట్టులో నరం దూరి వెళ్ళే ఇరుకు దారి) బయటినుంచి పోతుంది. లోపల నరం నలిగినా దానికేమీ కాదు. నరం పైనెక్కడో, మెడ దగ్గర దెబ్బతింటే ఉంగరపు వేలు అలా సరిగ్గా సగానికి చీలడం అరుదు.

నేను ఇక్కడి నుంచి రోగ నిర్ధారణ చేయడం లేదమ్మా. కానీ మీరు వర్ణించింది మెడ కన్నా మణికట్టునే ఎక్కువగా చూపిస్తోంది. 24 సిట్టింగులకు డబ్బు కట్టే ముందు నరాల డాక్టరుకు చూపించి నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించండి. మణికట్టు దాటేటప్పుడు కరెంటు వేగం ఎంత మందగిస్తోందో అందులో తెలిసిపోతుంది. మెడ ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, నరం కనిపించదు. ఇక మెడ వంపు తగ్గడం అంటారా, ఏ ఇబ్బందీ లేనివాళ్ళ ఎక్స్‌రేల్లోనూ అది కనిపిస్తుంది.

నిక్కచ్చి | మంగళవారం, సాయంత్రం 5:40

అసలు కైరోప్రాక్టిక్ పుట్టుకే చూడండి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డి.డి. పామర్ అనే ఆయన ఒక మనిషి వెన్నుపూసను నొక్కి చెవుడు పోగొట్టానని చెప్పుకోవడంతో మొదలైంది. అంతకుముందు ఆయన అయస్కాంత వైద్యం చేసేవాడు. రోగాలన్నిటికీ మూలం వెన్నుపూసలు తప్పుకోవడమే, దాని పేరు సబ్‌లక్సేషన్ అన్నాడు. వినికిడి నరం మెదడు నుంచి నేరుగా చెవికి పోతుంది, వెన్నుపాములోకి రాదు. పునాదే తప్పయినప్పుడు పైన కట్టింది ఎలా నిలుస్తుంది? మేఘమాల గారూ, దయచేసి మెడ ఎవరి చేతుల్లోనూ పెట్టకండి.

వెన్నుదన్ను | మంగళవారం, రాత్రి 9:15

నేను కైరోప్రాక్టర్‌ని. నిక్కచ్చి గారు చెప్పిన చరిత్ర నిజమే, కాదనను. 1897లో పామర్ పెట్టిన స్కూలు నుంచి ఇప్పటిదాకా మా వృత్తిలో రెండు దారులు నడుస్తున్నాయి. అన్ని రోగాలూ వెన్నులోంచే వస్తాయనేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాలాగా నడుము నొప్పి, మెడ నొప్పి, కీళ్ళు పట్టేయడం వరకే మా పరిధి అనుకునేవాళ్ళూ ఉన్నారు.

నడుము నొప్పికి చేతులతో చేసే (మాన్యువల్) చికిత్సను పెద్ద వైద్య సంస్థలు కూడా పూర్తిగా తోసిపుచ్చలేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో, మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వెన్ను మానిప్యులేషన్ (చేత్తో వేగంగా నొక్కి కదిలించడం) కూడా ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో వ్యాయామంతో కలిపి ఇస్తేనే అంది, విడిగా కాదు. గమనించండి, ఇదంతా నడుము నొప్పి గురించి. తిమ్మిరికి, మొద్దుబారడానికి ఆ స్థాయి ఆధారాలు మా దగ్గర లేవు. ఈ మాట పేషెంటుకి మొదటి రోజే చెప్పాలి. నేను చెబుతాను.

ఇంకొక అపోహ తీరుస్తాను. టక్కుమనే చప్పుడు ఎముక తిరిగి చోటుకి చేరిన చప్పుడు కాదు. కీలు సందులో ద్రవం ఉంటుంది. ఒక్కసారిగా లాగితే అందులో వాయువుతో చిన్న ఖాళీ ఏర్పడుతుంది, మెటికలు విరుచుకున్నప్పటిలాగే. అందుకే అదే కీలు వెంటనే మళ్ళీ మోగదు, ఇరవై నిమిషాలో ఎంతో ఆగాలి. కండరాలు బిగువు సడలి, నొప్పి తెలియడం తగ్గి, కదలిక తేలికవుతుంది. అది నిజమైన ఉపశమనమే. కానీ నలిగిన నరాన్ని అది విడిపించినట్టు కాదు.

మేఘమాల గారూ, వేళ్ళ పంపకం అలా ఉండగా మణికట్టు పరీక్షించకుండా మెడకి 24 సిట్టింగులు రాసివ్వడం సరైన పని కాదు. మా వృత్తిలో ఉండి చెబుతున్నాను, ముందే డబ్బు కట్టకండి.

నడకరి | మంగళవారం, రాత్రి 10:05

వెన్నుదన్ను గారూ, మరి నాకెలా తగ్గింది?

వెన్నుదన్ను | మంగళవారం, రాత్రి 10:50

నడకరి గారూ, మీ విషయంలో రెండూ జరిగి ఉంటాయి. సిట్టింగుల వల్ల కండరాల పట్టు సడలి మీరు నడవగలిగారు. నడవడం నడుముకి మంచిదే. రెండోది, జారిన డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్త) ముక్కని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో సయాటికా నొప్పి దానంతటదే దిగిపోతుంది. ఎంత భాగం చికిత్సది, ఎంత కాలానిది అని ఒక్క మనిషిలో విడదీసి చెప్పలేం.

మీ పాదం అంచు మొద్దుబారడం నడుము కింద నుంచి కాలికి వెళ్ళే ఎస్1 నరానిది. నలిగిన నరపు పోగులు మళ్ళీ పెరగాల్సి వస్తే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. నలిగిన నరం కోలుకోవడం అంత నిదానం. అందుకే నెలలు పట్టింది. నొప్పి తగ్గిందంటే నరం బాగైపోయిందని కాదు. అప్పట్లో మునివేళ్ళ మీద నిలబడగలిగారా?

నడకరి | బుధవారం, ఉదయం 7:20

కుడికాలి మీద నిలబడేవాణ్ణి. ఎడమకాలి మీద మడమ లేచేది కాదు. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు లేస్తోంది.

పాతకాపు | బుధవారం, ఉదయం 11:00

పిల్లలూ, నా మాట కూడా వినండి. నాకు 67. పద్నాలుగేళ్ళుగా షుగరు. మూడేళ్ళ క్రితం రెండు అరికాళ్ళూ మంటలు, సూదులు గుచ్చినట్టు, తర్వాత దూది మీద నడుస్తున్నట్టు. నడుములో నరాలు నొక్కుకున్నాయని ఒకచోట అన్నారు. అయిదు నెలలు వెన్ను సరిచేయించుకున్నాను. చేయించుకున్న రోజు ఒళ్ళు తేలికగా ఉండేది. రెండోరోజుకి అరికాళ్ళు మళ్ళీ మామూలే.

ఒకరోజు ఇంట్లోకి వచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడో జారిపోయింది, నాకు తెలియలేదు. వెనక్కి వెతుక్కుంటూ వెళితే వీధి మలుపు దగ్గర పడి ఉంది. అంత దూరం ఒంటి చెప్పుతో నడిచాను! అరికాలు చూసుకుంటే మడమలో గాజు పెంకు. రక్తం కారుతున్నా నొప్పి లేదు. ఆ పెంకు చూసినప్పుడు వేసిన భయం ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు మా అమ్మాయి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద పదిచోట్ల నొక్కారు, నాకు మూడుచోట్లే తెలిసింది. మోగించిన శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముక మీద పెట్టారు, అదురు తెలియలేదు. రక్తపరీక్షలో షుగరు ఎక్కువగా ఉండటమే కాక విటమిన్ బి12 బాగా తగ్గిపోయింది. ఏళ్ళ తరబడి షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి అలా తగ్గవచ్చట. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. ఆ అయిదు నెలలు ముందే ఈ పరీక్ష జరిగి ఉంటే ఇంకొంచెం మిగిలేదని డాక్టరు గారు అన్నారు. నాకు తిట్టాలని లేదు. అక్కడ నన్నెవరూ షుగరు ఉందా అని అడగలేదు, అంతే.

ఫిజియో_రామం | బుధవారం, మధ్యాహ్నం 12:40

పాతకాపు గారూ, ఇది చదువుతుంటే మనసు కలుక్కుమంది. ఇప్పుడు రోజూ రాత్రి పాదాలు చూసుకుంటున్నారా? అడుగుభాగం కనిపించకపోతే కింద అద్దం పెట్టుకోండి.

మిగతావాళ్ళ కోసం ఒక మాట. ఒక చెయ్యో ఒక కాలో, అందులోనూ ఒక పక్కే అయితే ఏదో ఒక నరం ఎక్కడో నలుగుతోందేమో వెతకాలి. రెండు పాదాలకీ వేళ్ళ కొసల నుంచి మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంటే ఎక్కువగా రక్తంలోనే కారణం ఉంటుంది. షుగరు, బి12, థైరాయిడ్, కిడ్నీలు, మద్యం, కొన్ని క్యాన్సర్ మందులు. దానికి వెన్ను ఎంత సవరించినా లాభం లేదు. నరాలకి మంచిదని సొంతంగా బి6 మాత్రలు ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగేవాళ్ళు కూడా జాగ్రత్త. బి6 మితిమీరితే అదే నరాలను పాడుచేస్తుంది.

తూనీగ | బుధవారం, రాత్రి 8:30

నిక్కచ్చి గారికి ఒకటి చెప్పాలి. మా అన్నయ్యని కాపాడింది ఒక కైరోప్రాక్టరే.

అన్నయ్యకి 52. రెండు చేతులూ తిమ్మిరెక్కేవి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది, తాళంచెవి తాళంలో దూరేది కాదు. నడుస్తుంటే కాళ్ళు బిగుసుకుపోయి తూలేవాడు. మెడ ముందుకు వంచితే వెన్నులోంచి కాళ్ళ దాకా కరెంటు పాకినట్టు ఉండేదట. మెడ నొప్పి పెద్దగా లేదు కాబట్టి వయసనుకున్నాడు. మెడ సరిచేయించుకుందామని వెళితే, ఆమె సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూసి, అరికాలి మీద గీసి చూసి, మెడ మీద చెయ్యి కూడా వేయలేదు. "ఇది నేను ముట్టుకోకూడనిది, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి" అని ఉత్తరం రాసిచ్చింది. ఎంఆర్ఐలో మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోతున్నట్టు తేలింది. నాలుగు రోజుల్లో ఆపరేషన్ అయింది. ఆమె మెడ తిప్పి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే వణుకొస్తుంది.

నిక్కచ్చి | బుధవారం, రాత్రి 9:05

తూనీగ గారూ, ఆమెకి నా తరఫున కూడా నమస్కారం చెప్పండి. అందరినీ ఒకే గాటన కట్టడం నా పొరపాటే. మెడ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. మెడని వేగంగా తిప్పడానికీ, మెదడుకి వెళ్ళే వెర్టిబ్రల్ ధమని గోడ చీలడానికీ సంబంధం కనిపిస్తోందని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటన ఇచ్చింది. పక్షవాతం దాకా వెళ్ళవచ్చు.

వెన్నుదన్ను | బుధవారం, రాత్రి 9:50

నిజమే. అరుదు, కానీ నిజం. తిప్పడం వల్లే చీలుతుందా, అప్పటికే చీలిక మొదలై ఆ మెడ నొప్పితోనే మనిషి మా దగ్గరికి వస్తున్నాడా అన్నది తేలలేదని కూడా ఆ ప్రకటనే చెప్పింది. ఏదైనా సరే, పేషెంటుకి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మునుపెన్నడూ లేని మెడ నొప్పి లేదా తలనొప్పి, కళ్ళు తిరగడం, రెండు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం ఉంటే నేను మెడ ముట్టుకోను. ఎముకలు గుల్లబారినవాళ్ళకీ, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళకీ, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ మెడకి పాకినవాళ్ళకీ, క్యాన్సర్ ఉన్నవాళ్ళకీ మెడ తిప్పడమన్న మాటే లేదు.

ఈ చర్చ చదివేవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే ఇలా జరుగుతుంటే, పోస్టు పెట్టి జవాబు కోసం ఆగకండి. ఒంట్లో ఒక పక్క హఠాత్తుగా మొద్దుబారడం, మూతి వంకరపోవడం పక్షవాతం కావచ్చు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, మలవిసర్జన దారి చుట్టూ, తొడల మధ్య స్పర్శ పోవడం అంటే వెన్నుపాము కింద నరాల కట్ట నలుగుతోందన్నమాట, గంటలు కూడా విలువైనవే. కాళ్ళలో మొదలైన తిమ్మిరి, నీరసం రోజుల్లోనే పైకి పాకుతుంటే గీయాన్ బారే (ఒంటి రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు) కావచ్చు, ఊపిరికే ముప్పు. వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మేఘమాల | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:30

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. నెర్వ్ కండక్షన్ టెస్ట్ అయింది. చిన్న చిన్న షాకులు, భయపడినంత లేదు. కుడి మణికట్టు దగ్గర మీడియన్ నరం మధ్యస్థంగా, ఎడమవైపు కొద్దిగా దెబ్బతిన్నట్టు వచ్చింది. ఎడమ చెయ్యి నాకు ఇబ్బందే పెట్టలేదు! బి12, షుగరు, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. మెడకి ఎంఆర్ఐ అవసరం లేదన్నారు. బొటనవేలి కండ ఇంకా కరగలేదు కాబట్టి ప్రస్తుతానికి ఆపరేషన్ మాట లేదు. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా స్ప్లింట్ పెట్టుకోమన్నారు. ఆరు వారాలు చూసి, తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఆలోచిద్దామన్నారు.

స్ప్లింట్‌తో మొదటి రెండు రాత్రులూ నిద్రే లేదు. మూడోరోజు నుంచి మెలకువ రావడం తగ్గింది. ఈ వారంలో ఒక్కసారే లేచాను. వేళ్ళ కొసల్లో మొద్దు ఇంకా ఉంది.

ఆ కైరోప్రాక్టర్‌కి ఫోన్ చేసి 24 సిట్టింగులు వద్దన్నాను. మణికట్టు ఎందుకు చూడలేదని అడిగితే, మెడ సరైతే అదే సర్దుకుంటుందన్నారు. ఇంకేమీ వాదించలేదు.

వెన్నుదన్ను గారూ, మెడ పట్టేయడం మాత్రం అలాగే ఉంది. తిమ్మిరికి కాదు, మెడ పట్టుకే ఎవరికైనా చూపించుకోవచ్చా?

వెన్నుదన్ను | ఆదివారం, ఉదయం 11:15

చూపించుకోవచ్చు. టక్కుమనిపించే పద్ధతి వద్దని ముందే చెప్పండి. కండరాల మీద చేతితో చేసే పని, మెల్లగా కదిలించడం, వ్యాయామాలు, వీటితోనే చాలావరకు సరిపోతుంది. నాలుగైదుసార్లకి తేడా కనిపించకపోతే ఆపేయండి. స్క్రీన్ కళ్ళ ఎత్తుకి పెట్టుకున్నారా?

మేఘమాల | ఆదివారం, ఉదయం 11:40

లేదండీ. ఇప్పుడే లావుపాటి పుస్తకాలు రెండు కింద పెట్టాను.

పాతకాపు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

సంతోషం తల్లీ. రామం గారూ, అద్దం కొన్నాను. మంచం పక్కనే పెట్టుకున్నాను. నిన్న రాత్రి కుడి బొటనవేలి కింద చిన్న బొబ్బ కనిపించింది, అసలు తెలియనే లేదు. ఇవాళే చూపించుకోవాలా, రేపటిదాకా ఆగొచ్చా?

ఫిజియో_రామం | ఆదివారం, మధ్యాహ్నం 12:09

ఇవాళే వెళ్ళండి గురువుగారూ. బొబ్బ చిదపకండి, ఆ కాలి మీద ఎక్కువ నడవకండి. వెళ్ళొచ్చాక ఇక్కడ ఒక మాట రాయండి, చూస్తూ ఉంటాను.